రత్నమ్మ మేడం ఇంటి వెనక గది

మా కౌన్సెలింగ్ గది కింద ఒక టిఫిన్ హోటల్ ఉంది. పొద్దున మేము తలుపులు తీసే వేళకు నానబెట్టి పిండిన బొరుగులు తిరగమాతలో పడతాయి. ఉల్లిపాయా, పచ్చిమిరపా, పసుపూ, చివర చల్లే పప్పుల పొడీ అన్నీ కలిసిన ఉగ్గాని వాసన మెట్లెక్కి నేరుగా నా బల్ల దగ్గరికి వస్తుంది. అనంతపురంలో పుట్టి పెరిగిన ముక్కుకు అది కొత్త కాదు. అయినా ఆ వాసన తగిలిన ప్రతిసారీ నాకు ఆకలి కంటే ముందు రత్నమ్మ మేడం గుర్తుకొస్తుంది. నీళ్ళలోంచి బొరుగులు పిడికెడు పిడికెడు తీసి గట్టిగా పిండుతూ, వంటింటి గడప మీద అలిగి కూర్చున్న మనిషితో అలక సంగతి తప్ప మిగతా లోకం సంగతులన్నీ మాట్లాడే రత్నమ్మ మేడం.

ఆమెను చూడనివాళ్ళకు చెప్పాలంటే, పొట్టి మనిషి. కళ్ళద్దాలు కళ్ళ మీద కంటే నుదుటి మీదే ఎక్కువసేపు ఉండేవి. చాలా ఏళ్ళు కుటుంబ సలహా కేంద్రంలో పనిచేసి, తర్వాత సొంతంగా ఈ గది పెట్టుకున్నారు. నేను తిరుపతిలో సైకాలజీ చదివి, తలనిండా సిద్ధాంతాలతో ఆమె దగ్గర చేరాను. మొదటి రోజే, "నీ చదువు బాగుండాది పద్మా. రొంతసేపు దాన్ని చెప్పులతో పాటు బయట ఇడిచి వచ్చి కూచో. మల్ల పోయేటప్పుడు వేసుకోనిపోదువు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆమె మాట తీరే అంతని అర్థమవడానికి కొంత కాలం పట్టింది. నొప్పించాలని అనరు, నొప్పిస్తుందేమోనని ఆగనూ ఆగరు.

ఆమె పని పద్ధతి ఏ పుస్తకంలోదీ కాదు. గొడవపడిన భార్యాభర్తలు వస్తే ముందు రెండు వైపుల పెద్దలనూ పిలిపించేవారు. వాళ్ళు చెప్పాలనుకున్నదంతా చెప్పనిచ్చి, మర్యాదగా కింద హోటల్‌కు టీకి పంపించి, అప్పుడు ఆ ఇద్దరితో మాట్లాడేవారు. పెద్దల నోరు ఖాళీ అయితేగానీ మొగుడూ పెళ్ళాల నోరు తెరుచుకోదని ఆమె నమ్మకం. గొడవ మరీ ముదిరితే ఆమె దగ్గర ఒకే మందు ఉండేది: భార్యను కొన్నాళ్ళు పుట్టింటికి పంపడం. ఆమె అక్కడ కడుపునిండా ఏడ్చి, కడుపునిండా తింటుంది. ఇక్కడ భర్త తను వండింది తను తిని, ఖాళీ ఇంటిని చూసి మెత్తబడతాడు. ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్ళి పిలుస్తాడు. అత్తగారు నాలుగు చీవాట్లు పెట్టి, భోజనం పెట్టి, కూతురికి ఒడి నింపి పంపుతుంది. కొంగులో పోసిన ఆ బియ్యమూ కొబ్బరీ పసుపూ చూసుకుంటూ ఇద్దరూ ఒకే బస్సెక్కి వచ్చేస్తారు. కొట్టే మొగుడి విషయంలో మాత్రం ఈ మందు ఇచ్చేవారు కాదు, నేరుగా పోలీసు స్టేషన్ దారి చూపించేవారు. మిగతావాళ్ళకు ఇది బాగానే పనిచేసేది. పనిచేయడం నేను కళ్ళారా చూశాను.

ఇక సునంద, హైమ. ఇవి వాళ్ళ అసలు పేర్లు కావు. ఇది రాస్తున్నానని చెప్పి, చదివి వినిపించి, సరేనన్నాకే బయటపెడుతున్నాను. సునందది కంబదూరు దగ్గర ఒక పల్లె. వేరుశనగ పండించే పెద్ద కుటుంబం. అనంతపురంలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసేది. హైమ ధర్మవరం నేతవారి పిల్ల, ఇక్కడి చీరల దుకాణంలో ఉద్యోగం. ఇద్దరూ ఒక గదీ వంటిల్లూ ఉన్న ఇంట్లో కలిసి ఉండేవాళ్ళు. వాళ్ళు స్నేహితురాళ్ళని ఇంటి యజమానికి తెలుసు. జంట అని మాకు చెప్పారు, అది కూడా తలుపు మూసిందీ లేనిదీ వెనక్కి తిరిగి చూసుకుని.

నేను మేడం ముఖం వైపు చూశాను, ఏమంటారోనని. ఆమె కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, "కూచోండమ్మా. ఈ కుర్చీలకు ఆడా మగా లేదు. ఎవరు ముందు చెప్తారు?" అన్నారు. వాళ్ళు వెళ్ళాక నాతో, "నాకు తెలిసింది కొట్లాట. కొట్లాట ఎవరిదైనా కొట్లాటే. అందరికీ చేసినట్లే వీళ్ళకూ చేద్దాం" అన్నారు. ఆ మాటకు నేను ఎంత సంతోషించానో చెప్పలేను. నేను చదివిన పాఠాల్లో స్వలింగ జంటలకు దక్కిందే ఒక పేరా. ఇక్కడ డిగ్రీ లేని మనిషి, ఒక్క క్షణం తడబడకుండా, వాళ్ళను అందరితో సమానం చేసేసింది. ఆ సమానత్వంలోనే ఒక గొయ్యి ఉందని మా ఇద్దరికీ తెలియదు.

వాళ్ళ గొడవ నిజంగా అందరి గొడవలాంటిదే. కోపమొస్తే సునంద మాట్లాడటం మానేస్తుంది. గంటలు కాదు, రోజుల తరబడి. హైమ అది భరించలేక అరుస్తుంది. "రాయితో కాపురం చేస్తాండా మేడం. గోడైనా తడితే మోగుతాది" అని హైమ. "అరుస్తా ఉంటే ఏం మాట్లాడల్ల? ఆ ఇంట్లో తలుపేసుకునేకి ఇంకో గది కూడా లేదు" అని సునంద. అప్పట్లో ఆ చివరి మాట మా ఇద్దరి చెవులనూ దాటుకుని పోయింది. కొన్ని వారాలు మాట్లాడించాక కూడా ఇద్దరూ ఒకరినొకరు చూడకుండానే వచ్చి పోతుంటే, మేడం తన మందు తీశారు.

"సునందా, ఒక వారం పది దినాలు మీ ఊరికి పోయి రా. అమ్మ చేతి కూడు తిని వస్తే మనసు సల్లబడతాది."

"మా ఊరికా మేడం?" అంది సునంద.

"మీ ఊరికే. ఎన్నాళ్ళయింది పోక?"

సునంద లెక్క చూసుకున్నట్టు ఆలోచించింది. హైమ ఏదో అనబోయి, తను వద్దంటే గొడవ మళ్ళీ మొదలవుతుందని కాబోలు, ఊరుకుంది. డాక్టరు రాసిన మాత్ర వేసుకున్నట్టు సునంద మర్నాడు కళ్యాణదుర్గం బస్సెక్కింది.

గడువు దాటిన కొన్నాళ్ళకు హైమ ఒక్కతే వచ్చింది. సునంద ఫోను పనిచేయడం లేదు. ల్యాబ్‌కు ఆమె అన్న ఫోన్ చేసి, ఉద్యోగం మానేసిందని చెప్పాడట. మేడం ఇంకా పాత దారిలోనే ఉన్నారు. "అయితే ఈడేం చేస్తాండావు? పోయి పిల్చుకోని రాపో" అన్నారు.

"నేనెవురని పోవల్ల మేడం?" అంది హైమ.

హైమ తనే చెప్పింది. "ఒకసారి పోయినా. కాఫీ ఇచ్చినారు. సునంద చేనికాడికి పోయిందన్నారు. లోపల దాని దగ్గు ఇనపడతానే ఉండాది. స్నేహితురాలు ఒకసారి పోతాది. రెండోసారి పోతే, నీకేం పని అంటారు. పెండ్లి సంబంధం చూసినారంట. మొగుడైతే వాకిట్లో నిలబడి నా పెండ్లాన్ని పంపండి అంటాడు. నేనేమనల్ల?"

రత్నమ్మ మేడం కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. అవి నుదుటి మీద కాక బల్ల మీద ఉండటం నేను అదే మొదటిసారి చూడటం. "తప్పు నాది" అన్నారు. వివరణ ఇవ్వలేదు, పరిస్థితుల మీదికి నెట్టలేదు. "అందరికీ పుట్టిల్లు సల్లబడే చోటు. ఆయమ్మికి అది పట్టుబడే చోటు. అది ఆలోచించకుండా నేనే పంపిస్తి" అన్నారు. కాసేపటికి లేచి, "రేపు పొద్దున మొదటి బస్సుకు పోదాం. పద్మా, నువ్వూ రా" అన్నారు.

ఆ ఏడు వానలు లేవు. కళ్యాణదుర్గం దాటాక రెండు పక్కలా వేరుశనగ చేలు కాయ కాసే ఊడలు నేలలోకి దిగకముందే వాడిపోయి ఉన్నాయి. షేర్ ఆటోలో మేడం మాకు హద్దులు చెప్పారు. "వాళ్ళ సంగతి మనం ఎత్తకూడదు. అది చెప్పాలన్నా దాయాలన్నా సునంద ఇష్టం. అట్లని అబద్ధమూ చెప్పకూడదు." రెండింటి మధ్య ఎలాగని అడిగాను. "అడిగిన దానికే జవాబు చెప్పు. అడగందానికి నోరు మూసుకో. మీ చదువుల్లో ఇది నేర్పలేదా?" అన్నారు. హైమ నవ్వలేదు.

సునంద తండ్రి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పెద్ద మీసాలూ, తెల్ల పంచె, నలుగురికి చెప్పి అలవాటైన గొంతు. ఎవరు మీరని అడిగాడు.

"అనంతపురం నుంచి వచ్చినామన్నా. సునందకు తెలిసినోళ్ళం. ఆయమ్మికి ఆడ ఇల్లుండాది, పనుండాది. పిల్చుకోని పోదామని వచ్చినాము" అన్నారు మేడం.

"పెండ్లి మాట్లాడతాండాము. యాడికీ రాదు."

"సరేన్నా. ఆ మాట సునంద వచ్చి చెప్తే మేము వచ్చిన దావనే పోతాము."

లోపల్నుంచి సునంద అన్న బయటికి వచ్చాడు. "ఆయమ్మి చెప్పేదేముండాది? మేము చెప్తాండాము గదా!"

"నువ్వు రానని నువ్వు చెప్పు నాయనా, నమ్ముతా. నిన్ను పిల్చుకోని పోను మేము రాలేదు" అన్నారు మేడం, అదే గొంతుతో. "మేజరైన మనిషి. ఆమె మాట ఆమె నోట ఇంటాము. ఎంతసేపైనా ఈడనే కూచుంటాము." అని అరుగు చివర నిజంగానే కూర్చున్నారు. మేమూ కూర్చున్నాం. దారిన పోయేవాళ్ళు ఆగి చూడటం మొదలుపెట్టారు. పదిమందిలో గొంతు పెంచడం ఆ ఇంటి మర్యాదకు తగదు. తండ్రి మీసం మీద చేయి వేసుకుని అలాగే ఉండిపోయాడు.

సునంద వాకిట్లోకి వచ్చింది. చేతిలో సంచి ఉంది. ఎవరు సర్దారో, ఎప్పుడు సర్దారో తెలియదు. ఆమె వెనక తల్లి గడప లోపలే నిలబడిపోయింది. "నేను పోతా నాయనా" అంది సునంద. తండ్రి ఆమె వైపు చూడలేదు. "పో. మల్ల ఈ గడప తొక్కద్దు" అని మాత్రం అన్నాడు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఆ తల్లి మీద కోపం రాలేదు, జాలీ రాలేదు. చాలా రోజుల తర్వాత రెండూ ఒకేసారి వచ్చాయి.

గెలిచి వచ్చామని అనుకోవడానికి వీల్లేదు. అంతకుముందు సునందకు ఒక సన్నని దారం మిగిలి ఉండేది, పండగకో పబ్బానికో వెళ్ళి రావడానికి. మా సలహా ఆ దారాన్ని తెంపింది. మేడం దీన్ని ఎప్పుడూ తక్కువ చేసి చెప్పలేదు. బస్సులో సునంద, హైమ పక్కపక్కన కూర్చున్నారు గానీ మాట్లాడుకోలేదు. ఇంత జరిగినా, మొదటి అలక ఇంకా తీరలేదు. తీరడానికి దానికి సమయమే దొరకలేదు కదా. మేడం వెనక సీట్లోంచి వాళ్ళనే చూస్తూ, "ఉత్త ఒడితో పంపినారు బిడ్డను" అన్నారు నాకు మాత్రమే వినపడేట్టు. అనంతపురం వచ్చాక హైమతో, "నువ్వు ఇంటికి పో. సునంద నాతో వస్తాది. అలక తీరినాక వచ్చి పిల్చుకోని పోదువు" అన్నారు.

మేడం ఇల్లు అనంతపురం పక్కనే, బుక్కరాయసముద్రంలో. వెనక వైపు ఒక చిన్న గది, నవారు మంచం, చెరువు వైపు కిటికీ. మేడం భర్త రామచంద్రయ్య గారు కరెంటు ఆఫీసులో రిటైరైన మనిషి. మంచం మీది పాత పత్రికలు తీసి, రేడియో చంకలో పెట్టుకుని, ఏమీ అడగకుండా ముందుగదిలోకి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఊరుకోలేదు. మర్నాడు మా కౌన్సెలింగ్ గదిలో మేడంతో పోట్లాడినంత పని చేశాను. సలహా కోసం వచ్చినవాళ్ళను ఇంటికి తీసుకుపోకూడదు, ఇది మా వృత్తిలో మొదటి పాఠం, పుట్టింటివాళ్ళం అయిపోతే ఇద్దరి మాటా సమంగా ఎలా వింటాం అన్నాను.

"నిజమే" అన్నారు మేడం. అంత తేలిగ్గా ఒప్పుకుంటారని నేననుకోలేదు. "అందుకే ఈ పొద్దు నుంచి వాళ్ళను నువ్వు చూడు. వాళ్ళకు నువ్వు కౌన్సెలరు. నేను ఆ కుర్చీ దిగినా. నేను పెద్దమనిషిని. ఆ ఇద్దరికీ లేనిది సలహా చెప్పేవాళ్ళు కాదు పద్మా, చీవాట్లు పెట్టి అన్నం పెట్టేవాళ్ళు."

తర్వాత ఆమె చెప్పిన మాటలు నేను ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకు చెబుతుంటాను. "ఇన్నేండ్లూ కాపురాలు నేను నిలబెట్టినా అనుకుంటి. నేను చేసింది సగమే. మిగతా సగం ఊరు చేసింది. మొగుడూ పెండ్లాం కొట్లాడుకుంటే అత్త, మామ, బావమరిది, పిల్లోళ్ళు, ఎదురింటోళ్ళు, అందరూ లాక్కొచ్చి కలుపుతారు. వీళ్ళు కొట్లాడుకుంటే అదే చేతులు లాగి విడదీస్తాయి. అందరికీ చేసినట్లే వీళ్ళకూ చేస్తామంటే ఎట్ల? ఆ సగం లేదని తెలిసి చేయల్ల."

హైమ రెండు రోజులకు వచ్చింది, పూలు పట్టుకుని. మేడం ఆమెను వంటింటి గడప మీద కూర్చోబెట్టి, బొరుగులు పిండుతూ, అచ్చం అత్తగారిలా దులిపేశారు. "ఏమ్మా, మా బిడ్డ మీద అరుస్తావంట? మేమేం చెవిటిదాన్ని ఇచ్చినామా నీకు?" హైమ మొదట బిత్తరపోయింది. తర్వాత నవ్వింది. తర్వాత, నేను ఊహించనిది, వెక్కి వెక్కి ఏడ్చింది. తన తప్పుకు తనను తిట్టే పెద్ద దిక్కు తనకూ ఎప్పుడూ లేదని అప్పుడు తెలిసిందట, తర్వాత నాతో సెషన్‌లో చెప్పింది. ముగ్గురూ ఉగ్గాని తిన్నారు. బయల్దేరేటప్పుడు మేడం సునందను పీట మీద కూర్చోబెట్టి, కొంగు పట్టించి, పసుపు కలిపిన బియ్యం, కొబ్బరి గిన్నె, రవికె గుడ్డ పోసి ఒడి నింపారు. రామచంద్రయ్య గారు గేటు దాకా వచ్చి సాగనంపారు.

ఆ తర్వాత అలిగినప్పుడల్లా ఆ గదికి వెళ్ళేవాళ్ళు. ఒకసారి సునంద, ఒకసారి హైమ. వెళ్ళినవాళ్ళు ఒడి నింపుకుని తిరిగొచ్చేవాళ్ళు. నా పని వాళ్ళ గొడవ గురించి మాట్లాడించడం, అది వేరుగా నడిచింది. అలగడానికి ఒక చోటు ఉన్నాక సునంద మౌనం రోజుల నుంచి పూటకు తగ్గింది. హైమ అరుపూ తగ్గింది, పూర్తిగా పోలేదు. వాళ్ళ తర్వాత అలాంటి జంటలు ఇంకొందరు వచ్చారు, ఆడవాళ్ళూ, మగవాళ్ళూ. వాళ్ళను మేం అడిగే మొదటి ప్రశ్న మారింది. ఎవరి తరఫున ఎవరొచ్చారని అడగం. కోపమొస్తే ఎక్కడికి వెళ్తారని అడుగుతాం. చాలామందికి జవాబు ఉండదు. బస్టాండులో కూర్చుంటానని ఒకతను చెప్పాడు.

రత్నమ్మ మేడం ఒక ఎండాకాలం మధ్యాహ్నం, భోజనం చేసి నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. పెద్దకర్మ రోజు వంటల హడావుడిలో సునంద, హైమ వెనక గది కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. హైమ నన్ను చూసి, "ఇంక కోపమొస్తే యాడికి పోవల్ల మేము?" అంది. నేను వాళ్ళ కౌన్సెలర్‌ని. మా ఇంటికి రమ్మనలేను. అలా అనకూడదని పట్టుబట్టింది నేనే. నాకు ఏడుపొచ్చింది. అటుగా వచ్చిన రామచంద్రయ్య గారు ఆగి, "ఆమె పోయిందిగానీ గది యాడికీ పోలేదు గదమ్మా" అన్నారు. "ఉగ్గాని మాత్రం నాకు అంత బాగా రాదు. ఉప్పెక్కువవుతాది. తినాల్సిందే" అన్నారు.

ఈమధ్య కళ్యాణదుర్గం నుంచి ఇద్దరు మగపిల్లలు వస్తున్నారు. మొదటి ప్రశ్న అడిగాను. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సునంద, హైమ ఇప్పుడు తమ ఇంటి డాబా మీద ఒక గది వేసుకున్నారు, అవసరమైనవాళ్ళకు చెప్పమని వాళ్ళే నాతో అన్నారు. ఆ నంబరు ఇచ్చాను. పోయిన వారం ఆ ఇద్దరిలో చిన్నవాడు అలిగి అక్కడ ఉండి, రెండోవాడు వచ్చి పిలిస్తే, అటునుంచి అటే ఇద్దరూ కలిసి నా దగ్గరికి వచ్చారు. చిన్నవాడి ఒళ్ళో తువ్వాలు మూట ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియక దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

"వచ్చేటప్పుడు ఆ అక్కోళ్ళు తువ్వాలు పట్టమన్నారు మేడం. బియ్యమూ కొబ్బరీ పోసినారు. ఎందుకని అడిగితే నవ్వుతారే గానీ చెప్పరు. ఇది ఆడోళ్ళకు గదా పోసేది?"

కింద ఉగ్గాని తిరగమాత వేస్తున్నారు. నేను లేచి కిటికీ తెరిచి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

"పుట్టింటి నుంచి ఎవరినీ ఉత్త చేతులతో పంపరు నాయనా" అన్నాను. "మూట కింద పెట్టద్దు. ఒళ్ళోనే ఉంచుకో. ఇప్పుడు చెప్పండి, గొడవ ఎక్కడ మొదలైంది?"